కోతుల కోసం సంతకం

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండే మనవాళ్ళకి డిసెంబరు సెలవులు రాగానే కాన్‌కూన్ గుర్తొస్తుంది. అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. నీలం నీళ్ళు, మూడు పూటలా హోటల్లోనే భోజనం, ఒకరోజు బస్సెక్కి చిచెన్ ఇట్సా పిరమిడ్ ముందు అందరూ కలిసి ఫోటో. తప్పేం లేదు. కాకపోతే అదే తీరం వెంట దక్షిణానికి వెళ్ళి సరిహద్దు దాటితే బెలీజ్ వస్తుంది. విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న ఒడ్డు ఏమైపోతుందోనని దిగులుపడేవాళ్ళు చూడాల్సింది ఆ దేశాన్ని.

కాన్‌కూన్ కథ మనకి కొత్తేం కాదు. 1970 నాటికి అదొక సన్నటి ఇసుక మేట. మెక్సికో ప్రభుత్వం ఆ చోటు ఎంచుకుని ఊరు కట్టించింది, 1974లో మొదటి హోటళ్ళు తెరుచుకున్నాయి. మడ అడవుల్ని పూడ్చి, ఇసుక దిబ్బల మీదే భవనాలు లేపారు. 2005లో విల్మా తుపాను ఇసుకని ఊడ్చుకుపోతే సముద్రం అడుగునుంచి తోడి పోశారు. కొన్నేళ్ళకే మళ్ళీ పోయాల్సి వచ్చింది. ఆర్కే బీచ్‌లో పోర్టు డ్రెడ్జర్ చిమ్మే ఇసుక చూసినవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

బెలీజ్ చిన్న దేశం. 1981లో బ్రిటిష్‌వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. జనాభా నాలుగు లక్షల చిల్లర, మన ఒక మోస్తరు పట్టణమంత. తీరం వెంట సుమారు 300 కిలోమీటర్ల పగడపు దిబ్బలు, లోపల అడవి, అడవిలో ఎక్కడ తవ్వినా మాయా కట్టడాలు. అక్కడ ఎక్కువమంది తాగే బీరు సీసా మీద బొమ్మ కూడా ఆల్తున్ హా గుడిదే.

రాజధాని కాకపోయినా పెద్ద ఊరైన బెలీజ్ సిటీ నుంచి గంటలోపు దూరంలో, నది ఒడ్డున బెర్ముడియన్ లాండింగ్ అనే పల్లె ఉంది. తెల్లవారకముందే అక్కడ చెట్ల మీంచి ఒక గర్జన వినిపిస్తుంది. తెలియనివాళ్ళు పులి అనుకుంటారు. తీరా చూస్తే మన కొండముచ్చు కన్నా చిన్నదైన నల్ల హౌలర్ కోతి, కొమ్మకి తోక చుట్టుకుని గొంతు సంచి ఉబ్బించి అరుస్తూ ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని బబూన్ అంటారు. బబూన్లు ఉండేది ఆఫ్రికాలో కదా అని వాదించి లాభం లేదు.

1985లో రాబర్ట్ హార్విచ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ పల్లెకొచ్చి, భూములు ప్రభుత్వానికి అప్పగించమని అడగలేదు. రైతుల్ని కూర్చోబెట్టి ఒక కాగితం మీద సంతకం అడిగాడు. నది గట్టున కొంత మేర చెట్లు కొట్టకండి, పొలం గట్ల వెంట అడవి పట్టీ ఒకటి వదలండి, కోతులు తినే మేడి లాంటి చెట్లు ఉంచండి, అంతే. దానికి చట్టబలం లేదు, మాట తప్పినా జరిమానా లేదు. మొదట పన్నెండుమంది సంతకం చేశారు. ఆ పన్నెండు కాస్తా ఏడు పల్లెల్లో రెండు వందలు దాటింది. అడవి పట్టీ తెగిన చోట కోతులు దాటడానికి రోడ్డు మీదుగా తాళ్ళ వంతెనలు కట్టారు. యాత్రికులకి దారి చూపేది ఊరి మనుషులే, ఇలా ఏర్పడిన అభయారణ్యాన్ని నడిపేది ఆ పల్లెల ఆడవాళ్ళ సంఘం. కోతి బతికుంటే ఇంట్లోకి నాలుగు డబ్బులొస్తాయి, అది అందరికీ తెలుసు.

బెలీజ్ అంతా ఇలాగే ఉందని చెబితే అబద్ధం. 2013 మేలో ఉత్తరాన నోహ్‌ముల్ అనే చోట, చెరకు తోటల మధ్యనున్న మాయా పిరమిడ్‌ని ఎక్స్‌కవేటర్‌తో తవ్వేశారు. సుమారు 2,300 ఏళ్ళ నాటి కట్టడం, రోడ్డు మీద పరవడానికి కంకర అయిపోయింది. ప్రాచీన కట్టడం ఎవరి పొలంలో ఉన్నా ప్రభుత్వ రక్షణలో ఉన్నట్టేనని చట్టం చెబుతోంది. ఆ చట్టం పొక్లెయిన్‌కి అడ్డుపడలేదు. అదే ఉత్తర ప్రాంతంలో లమనాయ్ అనే మరో మాయా క్షేత్రం ఉంది. న్యూ రివర్ మీద పడవలో వెళ్తారు, దారిలో మొసళ్ళు, నత్తల్ని తినే గద్దలు. పడవ నడిపేవాడికి ఏ కొమ్మ మీద ఏ పిట్ట కూర్చుంటుందో కంఠతా వచ్చు. లమనాయ్ గుడి మీద చెయ్యి వేస్తే పడవలవాళ్ళు ఊరుకోరు. నోహ్‌ముల్‌కి అలా అడ్డుపడే దిక్కు లేకపోయింది.

మనం నవ్వడానికి లేదు. అమరావతి స్తూపం రాళ్ళని పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు పట్నం కట్టుకోవడానికి మోయించాడు. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్డుకీ, చలువరాళ్ళు కాలువ పనులకీ పోయాయి. దగ్గరున్న మనిషికి ఆ దిబ్బ వల్ల పైసా రాకపోతే అది ఉత్త ఇటుకల గుట్టే. మాయా రైతైనా, మన కృష్ణా తీరం రైతైనా.

ఇక సముద్రం. 2009లో యునెస్కో బెలీజ్ పగడపు దిబ్బల్ని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టింది. 2010లో బెలీజ్ ట్రాలింగ్‌ని పూర్తిగా నిషేధించింది. 2012లో స్వచ్ఛంద సంస్థలు జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో సముద్రంలో చమురు తవ్వకం వద్దని వందకి 96 మంది ఓటేశారు. అది అధికారిక ఓటింగ్ కాదు, అయినా 2017 చివర్లో పార్లమెంటు చమురు తవ్వకాల్ని ఆపేస్తూ చట్టం చేసింది. 2018లో యునెస్కో ఆ జాబితా నుంచి పేరు తీసేసింది. అక్కడ జాలరి, పడవవాడు, హోటల్లో వంటవాడు ఒకే దిబ్బ మీద బతుకుతున్నారు. నాకు ఆ 96 శాతంలో కనిపించేది పర్యావరణ ప్రేమ కన్నా పొట్టకూటి లెక్క. అందుకే అది నిలబడింది.

బెలీజ్‌లోనే కాక్స్‌కోంబ్ లోయ కథ మాత్రం నాకు మింగుడుపడదు. 1986లో జాగ్వార్ల కోసం అక్కడ అభయారణ్యం పెట్టి, లోపలున్న మాయా కుటుంబాల్ని బయటికి పంపారు. ఇప్పుడు వాళ్ళు రోడ్డు మీదున్న మాయా సెంటర్‌లో ఉంటూ గైడ్లుగా పనిచేస్తున్నారు, ఆడవాళ్ళు చేతిపనులు అమ్ముతున్నారు. ముందు వెళ్ళగొట్టి తర్వాత వాటా ఇవ్వడానికీ, బెర్ముడియన్ లాండింగ్‌లో ముందే అడగడానికీ చాలా తేడా ఉంది.

మన ఒడ్డుకొస్తే, భీమిలి దారిలోని తొట్లకొండ బౌద్ధ క్షేత్రాన్ని బయటపెట్టింది 1970ల్లో నేవీ స్థావరం కోసం చేసిన సర్వే. కొండెక్కితే స్తూపం పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, ఎదురుగా సముద్రం. కిందనున్న ఇసుకలో జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అటవీ శాఖ ఒడ్డు పల్లెల మనుషుల్నే కాపలా పెట్టి గుడ్లు పొదిగిస్తోంది. మంచి పని, కానీ అది సీజన్ కూలి. కొండ మీదికొచ్చే కార్ల వల్ల ఆ పల్లెలకి వచ్చేది ఏమీ లేదు.

భీమిలి రోడ్డులో భూమిని గజాల్లెక్కన అమ్ముతున్నారు. అక్కడ ఎవరినైనా ఉత్త మాట మీద చెట్లు ఉంచమని సంతకం అడిగితే నవ్విపోతారు. బెర్ముడియన్ లాండింగ్‌లో పొలం అంత ఖరీదు కాదు, కాబట్టి సాగింది. మనం తెచ్చుకోగలిగింది వాళ్ళ రెండో ఉపాయం. 1996లో బెలీజ్ రక్షిత ప్రాంతాల కోసం ఒక ట్రస్టు పెట్టి, దేశం విడిచి వెళ్ళే విదేశీ యాత్రికుడి దగ్గర 3.75 అమెరికా డాలర్ల రుసుము మొదలుపెట్టింది. ఆ డబ్బు ప్రభుత్వ బడ్జెట్‌లో కలిసిపోకుండా ట్రస్టు ఖాతాకే పోయేలా పెట్టారు. తొట్లకొండ, రుషికొండ చూడ్డానికొచ్చే ఒక్కో కారు నుంచి ఇరవై రూపాయలు తీసుకుని, దాన్ని వేరే ఖాతాలో వేసి, తాబేళ్ళ కాపలాకీ, స్తూపం దగ్గర గైడ్లుగా నిలబడే జాలరిపేట పిల్లల జీతాలకీ ఏడాది పొడుగునా ఖర్చుపెట్టొచ్చు. ఆ లెక్క ప్రతి ఏటా పంచాయతీ గోడ మీద రాయాలి. ఎందుకంటే ఇరవై రూపాయలు వసూలు చెయ్యడం మనవాళ్ళకి ఎప్పుడూ కష్టం కాలేదు.