మా బోర్డుల మీద లేని అక్షరాలు

జార్ఖండ్‌లోని గోల్‌మురిలో తెలుగువాళ్ళం కట్టే బ్యానర్లకు ఒక వరస ఉంది. ఉగాదికైనా, వినాయక చవితికైనా అదే. పైన పెద్దక్షరాల్లో హిందీ, దాని కింద ఇంగ్లీషు, జాగా మిగిలితే ఒక మూల తెలుగు. ఆ తెలుగుకు కూడా వత్తులు ఊడి, గుణింతాలు చెదిరి ఉంటాయి. ఫ్లెక్సీ షాపులో ఫాంటు లేదంటే సరేనని డబ్బులిచ్చి తెచ్చుకుంటాం. ఈ వరసను మాలో ఎవరూ కూర్చుని తేల్చలేదు. అందరికీ అర్థం కావాలనే అలా రాశామంటాం, అది అబద్ధమూ కాదు. కానీ ఆ అందరిలో బస్తీ చివర సంతాలీ మాట్లాడే ఇల్లు ఉందా అని ఇన్నేళ్ళలో ఒక్క కమిటీ మీటింగులోనూ అడిగినవాళ్ళం కాము.

మేం ఎలా వచ్చామో మాకు బాగా తెలుసు. 1922 చివర్లో ఇక్కడి టిన్‌ప్లేట్ కంపెనీలో మొదటి రేకు తయారైంది. కిరసనాయిలు డబ్బాలకు రేకు కావలసి బర్మా ఆయిల్ వాళ్ళు టాటాలతో కలిసి పెట్టిన ఫ్యాక్టరీ అది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి రైలెక్కి వచ్చిన పెద్దలకు ఈ ఊరి ఫ్యాక్టరీల్లో కూడు దొరికింది. 1929 నాటి సమ్మె, దానికి సుభాష్ చంద్ర బోస్ అండగా నిలవడం పిల్లలకు గొప్పగా చెప్పుకున్నాం. ఫ్యాక్టరీ కింది నేల అంతకుముందు ఎవరిదో చెప్పలేదు. ఆ నేల మీది ఆదివాసీలు మాలాంటి వాళ్ళను పిలిచే పేరు దికూ. బయటినుంచి వచ్చి కూర్చున్నవాళ్ళమని. ఆ మాట వింటే నొచ్చుకుంటాం. మా బోర్డులు ఆ మాటనే రుజువు చేస్తూ వేలాడుతున్నాయని మాత్రం గమనించలేదు.

కిరాణా కొట్టువాడు హిందీలో బోర్డు పెడితే అది పొట్టకూటి సంగతి, తప్పు పట్టను. మా తెలుగు సంఘాల సంగతి వేరు. 2000 నవంబరు 15 దాకా ఈ ఊరు బీహారులో ఉంది. జార్ఖండ్ కావాలని ఆదివాసీలు దశాబ్దాల పాటు కొట్లాడుతున్నప్పుడు, పాట్నా సర్కారు భాషను మా బ్యానర్ల నెత్తిన పెట్టుకుని, మాకు రాజకీయాలు పట్టవన్నాం. ఆ బ్యానర్లను చూసి మేం ఎవరి పక్షమో వాళ్ళు తేల్చుకుని ఉంటే, కాదనడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు.

రాసినవాడి ఉద్దేశం దగ్గర అక్షరం ఆగదు. జర్మనీలో శతాబ్దాల పాటు బైబిళ్ళు, పత్రికలు ఫ్రాక్టూర్ అనే అచ్చులో వచ్చాయి. ఇవాళ ఆ అచ్చు చూస్తే చాలామందికి నాజీలే గుర్తొస్తారు. నిజానికి 1941 జనవరి 3న దాన్ని యూదుల అక్షరాలని ముద్రవేసి మాన్పించినవాళ్ళు నాజీలే. అయినా మచ్చ పోలేదు.

అంత దూరం పోనక్కర్లేదు. మా పక్కనే మయూర్‌భంజ్‌లో 1925లో రఘునాథ్ ముర్ము సంతాలీకి ఒల్ చికి లిపి చేశారు. అంతకుముందు సంతాలీని రోమన్‌లో రాస్తే మిషనరీల పక్షం అనేవాళ్ళు. బెంగాలీ, ఒడియా, దేవనాగరి లిపుల్లో రాస్తే తమ పిల్లలు ఎవరి బడిలో, ఎవరి పాలనలో ఉన్నారో ఆ అక్షరాలే చెప్పేవి. తమ మాటకు తమ గుర్తు కావాలన్న పట్టుదల ముర్ముది. ఆ లిపిలోని 30 అక్షరాల ఆకారాల్లో పల్లె బతుకులోని వస్తువులు, పనులు ఉన్నాయి. 2003లో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులోకి ఎక్కింది, 2008లో ఒల్ చికి యూనికోడ్‌లోకి వచ్చింది, 2011లో జార్ఖండ్ సంతాలీని రెండో అధికార భాషల్లో చేర్చింది. ఇంత జరిగాక కూడా, మా తెలుగుకు ఫాంటు లేదన్న సాకుతోనే వాళ్ళ అక్షరాన్నీ పక్కన పెట్టాం.

జనవరి ఒకటి సంగతి రాయడం ఇంకా కష్టం. ఆ రోజు వీధుల్లో కొత్త సంవత్సరం శుభాకాంక్షల ఫ్లెక్సీలు కడతాం, పులిహోర మూటలతో డిమ్నా చెరువుకు పిక్నిక్ పోతాం. కంపెనీ నీళ్ళ కోసం ఆదివాసీ పల్లెలను ఖాళీ చేయించి కట్టిన చెరువు అది. 1948 జనవరి 1న ఇక్కడికి దగ్గర్లోని ఖర్సావాన్ సంతలో, ఒడిశాలో కలపవద్దని చేరిన ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ చావులకు వాళ్ళు ఏటా అదే రోజు నివాళి అర్పిస్తారు. మా ఫ్లెక్సీల మీది రంగురంగుల అక్షరాలు ఆ రోజున వాళ్ళ కళ్ళకు ఏం చెబుతున్నాయో మేం ఆలోచించలేదు. ఎవరినీ అవమానించాలనుకోలేదన్నది నిజమే. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

ఇది వేరేవాళ్ళు చేసి ఉంటే కొంత నయమేమో. మేం పొట్టి శ్రీరాములు ఫొటోకు దండ వేసేవాళ్ళం. 58 రోజులు తిండి మాని 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం వదిలితే, 1953 అక్టోబరు 1న భాష ఆధారంగా తెలుగువాళ్ళకు రాష్ట్రం వచ్చింది. భాష కోసం మనిషి చచ్చిపోవడం ఏమిటో తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చాం. బడిలో మా పిల్లలకు తెలుగు చెప్పాలని అర్జీలు పెట్టాం. ఆ అర్జీల్లో ఒక్కదానిలోనైనా, పక్కవాడి పిల్లకు సంతాలీ కూడా చెప్పండి అని ఒక్క వాక్యం చేర్చలేదు.

ఇప్పుడు మాలో కొందరు కుర్రాళ్ళు బ్యానర్ మీద ఒల్ చికి వరస ఒకటి వేయిద్దాం అంటున్నారు. వాళ్ళ మనసు మంచిదే. కానీ ఈ జిల్లాలో సంతాలీలే కాదు, హోలు, భూమిజ్‌లు ఉన్నారు. హో భాషకు లాకో బోద్రా చేసిన వారంగ్ క్షితి వేరే లిపి. మా వీధి చివరి ఇళ్ళలో ఎవరు ఏ మాట మాట్లాడతారో, ఏ లిపిలో రాస్తారో, మా బ్యానర్ మీద తమ అక్షరం ఉండటం వాళ్ళకు ఇష్టమో కాదో మాకు తెలియదు. అడగకుండా వేస్తే ఇదీ మేమే తేల్చినట్టు అవుతుంది. వచ్చే ఉగాదికి ఫ్లెక్సీ షాపుకు పోయేముందు ఆ ఇళ్ళకు పోవాలి. ఇన్నాళ్ళూ అడగలేదని ముందు వాళ్ళ ఎదుట ఒప్పుకుని, ఆ తర్వాతే బ్యానర్ మాట ఎత్తాలి.