ఆటమీద కళాశాల సీటు: గరివిడి పిల్లలకు దక్కేదెంత?

గరివిడి: ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే ఈ ప్రాంతంలో డ్రిల్లు మాష్టార్లకు తప్పని ప్రశ్న ఒకటున్నది. "మావోడు బాగా ఆడతాడు, ఆటమీద ఎక్కడైనా సీటొస్తుందా మాష్టారూ?" ఒక్క ముక్కలో దీనికి జవాబు లేదు. పిల్లవాడు ఆడే ఆట ఏది, అతని చేతిలో ఉన్న కాగితం ఏది అన్న రెండింటి మీదా అది ఆధారపడి ఉన్నది. బాస్కెట్‌బాల్ ఆడేవారి విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ.

ఫేకర్ కర్మాగారం చుట్టూ పెరిగిన గరివిడిలో నేడు డిగ్రీ, ఇంజనీరింగు, పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ఇటువంటి చిన్న పట్టణాల కళాశాలల్లో బాస్కెట్‌బాల్ జట్టు కట్టడం తేలికైన పని కాదు. కోర్టులో అయిదుగురే ఆడినా, జట్టుకు పన్నెండుమంది కావాలి. ఉంగరం నేలకు పదడుగుల ఎత్తున ఉంటుంది కనుక పొడగరులు కావాలి. అందువల్ల కళాశాల పి.డి.లు పాఠశాలల, జూనియర్ కళాశాలల పోటీలకు వచ్చి పిల్లలను చూసుకుంటారు. డ్రిల్లు మాష్టారి ద్వారా తల్లిదండ్రులకు కబురు పెడతారు. "మా కాలేజీలో చేరండి, ఫీజు చూసుకుంటాం" అన్న మాట అక్కడ వినిపిస్తుంది.

తల్లిదండ్రులు ఆగి ఆలోచించవలసింది ఈ మాట దగ్గరే. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటుకు అర్హత ఉన్న కుటుంబానికి "ఫీజు మాఫీ" వల్ల కొత్తగా ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ఆ సొమ్ము ఎటూ ప్రభుత్వం ఇవ్వవలసినదే. అడగవలసినవి వేరే ఉన్నాయి. హాస్టలు, భోజనం ఎవరు భరిస్తారు? బూట్లు, పోటీలకు దారిఖర్చు ఎవరివి? పోటీలకు వెళ్ళిన రోజులకు హాజరు వేస్తారా? మోకాలు దెబ్బతిని ఆట మానేస్తే రెండో ఏడు సంగతేమిటి? నోటిమాటకు సాక్ష్యం ఉండదు. యాజమాన్యం చేత కాగితం మీద రాయించుకోవడంలో మొగమాటం అక్కరలేదు.

ఇక ప్రభుత్వ కోటా సంగతి. రాష్ట్రంలో ఇంజనీరింగు వంటి వృత్తివిద్యా ప్రవేశాలలో క్రీడల కోటా అర శాతం. అంటే రెండు వందల సీట్లకు ఒక్కటి. ఆ ఒక్కదానికీ అన్ని ఆటలవారూ పోటీ పడతారు. అంతర్జాతీయ పోటీల వారిది ముందు వరుస, జాతీయస్థాయి వారిది తరువాతిది. మండల పోటీల్లో వచ్చిన కప్పు ఇంట్లో అద్దాల బీరువాకు అందమే తప్ప, కౌన్సెలింగులో దానికి విలువ లేదు. ఉద్యోగాలలో పరిస్థితి కొంత మెరుగు. 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో ప్రభుత్వోద్యోగాల క్రీడాకోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు.

కాగితం ప్రతాపం ఏపాటిదో ఈ జిల్లాకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇదే రైలుమార్గంలోని నెల్లిమర్ల మండలం కొండవెలగాడ వెయిట్‌లిఫ్టింగుకు పేరుపడిన ఊరు. అక్కడ బరువులెత్తి సర్టిఫికెట్లు సంపాదించిన యువకులు రైల్వేలోనూ సైన్యంలోనూ కుదురుకున్నారు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో పతకం తెచ్చింది. మొదట కాంస్యమే అయినా, మొదటి స్థానంలో నిలిచిన క్రీడాకారిణి డోపింగులో పట్టుబడడంతో అది రజతమైంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం సంగతి అందరూ ఎరిగినదే.

అయితే బరువులెత్తే పిల్లకు పక్కవారితో పనిలేదు. ఒక కడ్డీ, నాలుగు ఇనుప చక్రాలు, చెప్పే గురువు ఉంటే చాలు. ఎంత ఎత్తితే అంత లెక్క. బాస్కెట్‌బాల్‌లో అట్లా కాదు. ఊళ్ళో ఒక్కడు ఎంత నేర్పరి అయినా, మిగిలినవారు అంతంతమాత్రమైతే జట్టు జిల్లాలోనే ఓడుతుంది. వాడిని చూసేవారుండరు. పూర్తి కోర్టుకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చదునైన గట్టినేల కావాలి. కబడ్డీకి మట్టినేల చాలు. మన పల్లెల్లో ఏ ఆట బతికిందో, ఏది బతకలేదో ఈ కొలతలే చెబుతాయి.

అమెరికా వెళ్ళి ఆడవచ్చునన్న ఆశ కూడా కొందరిలో ఉన్నది. పంజాబులోని బల్లోకే గ్రామ రైతుబిడ్డ సత్నాంసింగ్ 2010లో ఫ్లారిడా శిక్షణ సంస్థకు వెళ్ళి, 2015లో అక్కడి ఎన్.బి.ఎ.లో డాలస్ జట్టుకు ఎంపికైన మాట నిజం. కాని అతడు ఏడడుగుల మనిషి. పైగా ఏ కళాశాల తరఫునా ఆడకుండానే అక్కడికి చేరాడు. అమెరికాలో మూడవ శ్రేణికి చెందిన చిన్న కళాశాలలు నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. అవి ఆటకని పైసా స్కాలర్‌షిప్పు ఇవ్వవు. మార్కులను, కుటుంబ స్తోమతను చూసే సాయం చేస్తాయి. ఆట పుట్టిన దేశంలోనే చిన్న కళాశాల తలుపు తీసేది మార్కులన్న మాట. ఇంటర్ పుస్తకాలు అటకెక్కించి ఆటనే నమ్ముకున్న పిల్లల పెద్దలు ఇది గమనించాలి.

డిగ్రీలో చేరాక మాత్రం దారి కొంత వెడల్పవుతుంది. అంతర కళాశాలల పోటీలలో రాణిస్తే విశ్వవిద్యాలయ జట్టుకు, అక్కడినుంచి దక్షిణ మండల అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్ళవచ్చు. 2020లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు దానిపై మెట్టు. చిన్న కళాశాలలో చేరినవానికి నిజమైన లాభం ఇదే. పెద్ద కళాశాలలో బెంచీ మీద కూర్చోవలసినవాడు ఇక్కడ మొదటి ఏడే కోర్టులోకి దిగుతాడు.

పాఠశాల క్రీడల్లో 14, 17, 19 ఏళ్ళలోపు తరగతులుగా ఎంపికలు జరుగుతాయి. ఇంటర్ రెండో ఏట కళ్ళు తెరిస్తే మిగిలేది చివరి తరగతి ఒక్కటే. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలున్న ఇళ్ళవారు జిల్లా ఎంపికల తేదీలను పాఠశాలలో ముందుగానే విచారించాలి. వెళ్ళేటప్పుడు పుట్టినతేదీ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్టు, ఆధార్ నకలు వెంట ఉంచుకోవడం మంచిది.