పదవిలోనివారి గోప్యతయు, ప్రజల యెఱుకయు

అధికారియు మనవంటి గృహస్థుడే. అతని యింటి రోగములు, బిడ్డల పెండ్లి మాటలు, బ్యాంకు ఖాతా సంఖ్య ఊరివారికి తెలియవలసిన పని లేదు. గోప్యత ప్రాథమిక హక్కేయని సుప్రీముకోర్టు 2017వ సంవత్సరమున తీర్పు చెప్పినది. అది న్యాయమే. కాని కాలువ మరమ్మతు కంట్రాక్టును ఒక అధికారి తన బావమఱదికే మంజూరు చేసినయెడల, ఆ బంధుత్వము ఇంటిమాట యగునా, ఊరిమాట యగునా? ఊరిమాటయే యని మా యభిప్రాయము.

2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము ఈ రెంటి నడుమ ఒక గట్టు వేసినది. ప్రజాకార్యముతో సంబంధము లేని సొంత సంగతులను నిరాకరింపవచ్చును. విశాల ప్రజాహితమున్నచో వానిని సైతము తెలుపవలెను. 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఆ గట్టును చెరిపినది. ఈ మార్పు 2025 నవంబరులో అమలునకు వచ్చినది. ఇపుడు ‘ఇది వ్యక్తిగత సమాచారము’ అనినంతనే నిరాకరణకు దారి యేర్పడుచున్నది. ప్రజాహితము అధికమైనచో ఇయ్యవచ్చునను నిబంధన వేరొకచోట మిగిలియున్న మాట నిజమే. అయినను దానిని చూపి వాదింపవలసిన భారము అడుగువానిపైననే పడుచున్నది.

ఆస్తుల వివరములన్నియు బయటపెట్టినచో శత్రువులకును దొంగలకును చేయూత యగునని కొందఱందురు. ఆ భయము వట్టిది కాదు. కావున సర్వమును వెల్లడింపుడని మేము కోరుట లేదు. చేయబోవు నిర్ణయమును ఏ స్వలాభము తాకుచున్నదో ఆ యొక్కటి తెలిపిన చాలును. శాసనసభలకును పార్లమెంటునకును నిలుచు అభ్యర్థులు తమ ఆస్తులను అప్పులను ప్రకటింపవలెనని సుప్రీముకోర్టు 2002లోనే ఆదేశించినది. ఓటడుగువానికి తగిన నియమము సంతకము చేయువానికి తగదా?

ఇక మన సంఘముల మాట. ప్రభుత్వపు గణనీయమైన ధనసహాయముగాని, ఆధిపత్యముగాని లేని సహకార సంఘములు సమాచార హక్కు చట్టము క్రిందికి రావని, కేరళకు చెందిన తలప్పాళం సంఘపు వ్యాజ్యమున 2013లో తీర్పు వచ్చినది. కావున మన యిల్లు మనమే చక్కబెట్టుకొనవలెను. బహుళరాష్ట్ర సంఘముల చట్టమునకు 2023లో జరిగిన సవరణ ఒక మంచి త్రోవ చూపినది: తనకుగాని తన బంధువులకుగాని లాభముగల విషయము చర్చకు వచ్చినపుడు డైరెక్టరు అచట ఉండరాదు, ఓటు వేయరాదు.

ప్రతి గ్రామ సంఘమును ఈ పద్ధతిని సర్వసభ్య సమావేశమున తీర్మానించుకొనుట మేలు. ఒక పుస్తకము నుంచవలెను. తనకును దగ్గఱి బంధువులకును సంఘముతోగల అప్పులు, ఎరువుల వ్యాపారము, లారీ కిరాయి, గిడ్డంగి అద్దె, ధాన్యపు మిల్లు సంబంధములను ప్రతి డైరెక్టరును అందు వ్రాయవలెను. అడిగిన సభ్యునికి ఆ పుస్తకమును చూపవలెను. ఇంటి సంగతు లేవియు అందు చేరనక్కఱలేదు.

దీనివలన సత్ప్రవర్తకునకు నష్టమేమియు లేదు. పైగా అపనిందనుండి రక్షణ కలుగును. సభ్యులారా, కంచె చేను మేసిన పిదప విచారించుటకంటె, కంచెను ముందుగనే కనిపెట్టియుండుట రైతునకు తెలిసిన నీతియే గదా!