తొలి జీతము - అనుమతి పత్రము

విద్యార్థి స్వయముగా కష్టపడి సంపాదించిన తొలి రూపాయి విలువ లెక్కలకు అందదు. శ్రమకు గల గౌరవమును అది నేర్పును. తల్లిదండ్రులు తెచ్చు ప్రతి రూపాయి వెనుక ఎంత చెమట కలదో దానివలన బోధపడును. కావున చదువుకొను పిల్లలు పని చేయుటయే తప్పనుట సరికాదు. ఎట్టి పని, ఎంతసేపు, ఎవరి కాపుదలలో అనునవే ఆలోచింపదగిన ప్రశ్నలు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కలవారి పిల్లలు సైతము సెలవులలోను, సాయంకాలములందును పనికి పోవుట వాడుక. ఫలహారశాలలో బల్లలు తుడుచుట, అంగడిలో సరకులు సర్దుట వారికి చిన్నతనము కాదు. ఐనను ఆ దేశము పిల్లలను యజమానుల దయకు విడిచిపెట్టలేదు. 1938 నాటి శ్రామిక చట్టమును అనుసరించి ఏర్పడిన నియమముల ప్రకారము, 14, 15 ఏండ్లవారు వ్యవసాయము కాని పనులలో బడి జరుగు దినమున 3 గంటలకును, బడి జరుగు వారమున 18 గంటలకును మించి పని చేయరాదు. బడి వేళలలో పని బొత్తిగా కూడదు. సాయంకాలము 7 గంటలు దాటినచో ఇంటికి పోవలసినదే; వేసవిలో మాత్రము 9 గంటల వరకు ఉండవచ్చును.

కాలిఫోర్నియా రాష్ట్రమున దీనికి తోడు అనుమతి పత్రము కూడ కావలెను. ఏ పని, ఎన్ని గంటలు అను వివరములు గల దరఖాస్తుపై తల్లి గాని తండ్రి గాని, యజమానియు చేవ్రాలు చేయుదురు. సాధారణముగా పాఠశాలవారే దానిని పరిశీలించి అనుమతి నిత్తురు. పనివలన విద్యార్థి ఆరోగ్యము గాని చదువు గాని చెడుచున్నచో ఆ అనుమతిని రద్దు చేయవచ్చును.

ఇది వట్టి కాగితముల తంటా అనువారు లేకపోలేదు. ఆర్కన్సా రాష్ట్రము 2023లో 16 ఏండ్లలోపు వారికి ఈ పత్రము అక్కరలేదని చట్టము చేసెను. బిడ్డ మేలు కన్నవారికి తెలియదా, నడుమ ప్రభుత్వ మెందులకని ఆ మార్పు కోరినవారి వాదము. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కాని యజమానికి లాభము కావలెను. ఇంటికి డబ్బు కావలెను. పిల్లవానికి చేతి ఖర్చు కావలెను. ఈ మువ్వురిలో చదువు పక్షమున నిలుచువా రెవరు? జీతముతో సంబంధము లేని నాలుగవ మనిషి, అనగా ఉపాధ్యాయుడు, అందుకే అవసరము. “ఇంకొక గంట ఉండు” అని యజమాని అన్నప్పుడు కాదనగల ధైర్యము 15 ఏండ్ల బాలునికి ఉండదు. అట్టివేళ నలుగురు ఎరిగిన కాగితము అతని పక్షమున మాటలాడును.

భారతదేశమున 1986 నాటి చట్టము, 2016లో సవరింపబడిన పిదప, 14 ఏండ్లు నిండనివారిని పనిలో పెట్టుకొనుటను నిషేధించినది. బడి వేళల తరువాత ఇంటివారి వృత్తిలో సాయపడుట వంటి కొన్ని మినహాయింపులు మాత్రము కలవు. 14 నుండి 18 ఏండ్లలోపు వారిని గనులలోను, పేలుడు పదార్థముల యొద్దను, ఇతర ప్రమాదకరమైన పనులలోను నియమింపరాదు. తక్కిన పనులలో 3 గంటలకు మించకుండ పని చేయించి ఒక గంట విశ్రాంతి ఈయవలెను. రాత్రి 7 గంటల నుండి ఉదయము 8 గంటల వరకు పని చేయింపరాదు. వారమున కొక దినము సెలవు ఈయవలెను. ఇవి మంచి నియమములు. కాని ఈ వయసువారిని పనిలో చేర్చుకొనుటకు పాఠశాల అనుమతి కావలెనను నియమము ఇందు లేదు. ఈ లోటును తీర్చుట మేలు.

ఆకలిగొన్న ఇంటికి కాగితముతో ఏమి పని అని కొంద రడుగవచ్చును. నిజమునకు ఈ కాపుదల పేద విద్యార్థికే మిక్కిలి అవసరము. కలవారి బిడ్డ నచ్చని పనిని మరునాడే మానుకొనగలడు. పేదవాని కొడుకు మానలేడు. అతనికి పని దొరకుట యెంత ముఖ్యమో, ఆ పని ముగిసిన పిదప పుస్తకము తెరచుటకు కంటిలో నిద్ర లేకుండుటయు అంత ముఖ్యము.

నియమములు ఎరిగిన బాలుడు సులభముగా మోసపోడు. కావున తొలి పనికి పోవు ప్రతి విద్యార్థియు తన గంటలను, తన సెలవును, తన జీతమును ముందుగానే తెలిసికొనవలెను. ఆ సంగతి ఇంటిలోను బడిలోను చెప్పియే పనిలో చేరవలెను. అట్లు చేరినవానికి పనియు మరియొక పాఠమే యగును.