పరీక్షాఫలితములు - తలిదండ్రుల ధర్మము

ఏటేట వేసవి తొలిదినములలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడును. ఆనాడు నరసరావుపేటలోను, గురజాలలోను, మాచెర్లలోను ఎన్నో యిండ్లలో పొయ్యి రాజదు. మరునాటి పత్రికలలో ఒక ప్రక్క మొదటి ర్యాంకుల బాలబాలికల ఛాయాపటములు, వేరొక ప్రక్క ప్రాణములు తీసికొనిన పిల్లల వార్తలు కానవచ్చును. రెండింటిని ఒక్క చూపున చదివి పత్రికను మడిచిపెట్టుట మనకు అలవాటైపోయినది. ఈ అలవాటే మాకు మిక్కిలి భయము గొల్పుచున్నది.

పలనాటి వీరగాథ విననివారు ఈ సీమలో అరుదు. బొంగరము లాడు ప్రాయమున బాలచంద్రుడు కారెంపూడి కదనమునకు బయలుదేరగా, తల్లి ఐతాంబ వలదని అడ్డుపడెనని కథ చెప్పుచున్నది. నిజమైన యుద్ధమునకు పోవు కుమారునే ఆ తల్లి ఆపజూచెను. నేటి తలిదండ్రులో, యుద్ధము కానిదానిని యుద్ధమని చెప్పి, పదునారేండ్ల బిడ్డలను తామే దానిలోనికి తరుముచున్నారు.

తలిదండ్రులను నిందించుట మా యుద్దేశము కాదు. మిరప పండిన యేట ధర లేక, ధర యున్న యేట పంట లేక, అప్పుపై అప్పు చేసి విసిగిన రైతు తన బిడ్డకు ఈ బాధ వలదని కోరుట సహజము. ఎకరము అమ్మియో, బంగారము కుదువబెట్టియో గుంటూరు, విజయవాడ హాస్టళ్లకు పంపుచున్నాడు. అది ప్రేమయే. కాని ఆ యెకరము సంగతి బిడ్డకు దినమును వినిపించుచుండినచో, ఆ ప్రేమయే వాని నెత్తిపై ఋణపత్రమగును. తాను వ్రాలు చేయని పత్రమునకు మైనరు బాధ్యుడు కాడని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఇంటిలో మాత్రము ఆ న్యాయము లేకపోవుట వింత.

ఒక లెక్క చూతము. 2024లో వైద్యవిద్యా ప్రవేశపరీక్షను 23 లక్షలకు పైగా విద్యార్థులు వ్రాసిరి. దేశమున నున్న ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెము మించినవి. వ్రాసినవారందరు బృహస్పతులే యైనను, ఇరువదిమందిలో ఒక్కరికే సీటు దొరకును. తక్కినవారు సోమరులు కారు, మూఢులు కారు. సీట్లు లేవు, అంతే. ఈ సంగతి బిడ్డకు ఎవరైన చెప్పుచున్నారా?

మార్కు బ్రహ్మవ్రాత కాదనుటకు వేరొక నిదర్శనము కలదు. 2019 ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడగా, మూడు లక్షలకు పైగా తప్పిరి. కొలది దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు విడిచిరి. ఆ ఫలితములలోనే ఒక బాలికకు తెలుగులో సున్న వచ్చినట్లు ప్రకటింపబడెను. పత్రమును మరల చూడగా వచ్చినవి 99. తిరిగి చూడుడని అడుగువారు ఉండుటచేత ఆ తప్పు బయటపడెను. పోయిన ప్రాణమునకు పునఃపరిశీలన లేదు.

ప్రభుత్వములు ఊరకున్నవని అనలేము. 2001లో నీరదారెడ్డి సంఘము, 2017లో చక్రపాణి సంఘము ఈ విషయమునే విచారించినవి. నివేదికలు వచ్చినవి, మరణములు ఆగలేదు. 2023లో విశాఖపట్టణమున వైద్యవిద్యా పరీక్షకు చదువుచుండిన 17 ఏండ్ల బాలిక మరణింపగా, తండ్రి న్యాయస్థానముల నాశ్రయించెను. 2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టు ఆ కేసు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించి, దేశమందలి విద్యాసంస్థలన్నిటికి 15 మార్గదర్శకసూత్రములను విధించినది. నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థయు శిక్షణ పొందిన సలహాదారుని నియమింపవలెను, మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు తరగతులుగా విడదీయరాదు, నలుగురిలో అవమానింపరాదు, బిడ్డలపై ఒత్తిడి పెట్టరాదని తలిదండ్రులకు సైతము బోధింపవలెను. 2022లో దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరను లెక్కను ఆ తీర్పు ఉదహరించినది.

తీర్పు కాలేజీని కట్టివేయగలదు. ఇంటిలోని మాటను ఏ తీర్పు కట్టివేయగలదు? పెక్కు హాస్టళ్లలో బిడ్డ వారమున కొక్కసారి ఇంటివారితో మాటాడును. ఆ నాలుగు నిమిషములలో తండ్రి అడుగు మొదటి ప్రశ్న యేమి? "ఈ వారము ర్యాంకెంత?" అని. "అన్నము సయించుచున్నదా? నిద్ర పట్టుచున్నదా? అచ్చట ఉండగలవా?" అని అడుగువారెందరు? మొదటి ప్రశ్నకు బిడ్డ అబద్ధము చెప్పును; రెండవదానికి ఏడ్చును. ఆ యేడ్పు వినుటకే తలిదండ్రులున్నారు.

కావున మేము కోరునది స్వల్పము. "తప్పినను ఈ యిల్లు నీదే, ఇంటికి రమ్ము" అను మాట ఫలితములు వచ్చిన పిదప గాక, పరీక్షకు ముందే చెప్పవలయును. ప్రక్కయింటి పిల్లవానితో పోల్చుట మానవలయును. తప్పినవారికి కొలది వారములలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదు, సంవత్సరము పోదు. బిడ్డ తిండి మాని, నిద్ర మాని, మాట మాని, తాను లేకున్న మేలని పలికినచో అది నాటకమని త్రోసివేయక, వైద్యుని చూపవలయును. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్ వారిని 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగ పిలువవచ్చును, తెలుగున మాటాడవచ్చును. ప్రాణము తీసికొన యత్నించిన బిడ్డను పోలీసులకు వెరచి దాచవలసిన పని లేదు. అట్టివారు తీవ్రమైన మనోవ్యథలో నున్నవారనియే భావించి, శిక్షింపక చికిత్స చేయింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది.

పఠనమందిరములలో కూర్చుండి ఈ పత్రికను చదువు పెద్దలకు ఒక్క మనవి. ప్రతి జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షణసంఘ ముండవలెనని సుప్రీంకోర్టు చెప్పినది. 2022లో పలనాడు వేరు జిల్లా యైనది. కలెక్టరు కచ్చేరి నరసరావుపేటనే యున్నది. ఆ సంఘ మేర్పడెనా, ఏ హాస్టలును చూచినదని అడుగుట మన హక్కు. ఫలితములకు ముందు వారమున ప్రతి పఠనమందిరమునందును తలిదండ్రుల సభ నొకదానిని కూర్చుట మన విధి. ర్యాంకు తెచ్చిన బిడ్డకు దండలు వేయుటకు సభలు చేయువారము, ర్యాంకు రాని బిడ్డను నిలుపుకొనుటకు ఒక్క సభ చేయలేమా?