కలిసే చోటు

మా పదవ తరగతి రోజుల్లో గ్రాఫు లెక్క అంటే అప్పనంగా వచ్చిపడే మార్కులు. ఎక్స్ వర్గమూ, ఎక్స్‌కు 2 కలిపినదీ ఎక్కడ సమానమో గ్రాఫు గీసి కనుక్కోమనేవారు. నేను ముందుగా చిత్తు కాగితం మీద కారణాంకాలు విడగొట్టి, జవాబులు 2, -1 అని తేల్చుకుని, ఆ పిమ్మట పరావలయమూ సరళరేఖా సరిగ్గా అక్కడే ఖండించుకునేట్టు గీసేవాణ్ణి. మార్కులు వచ్చాయి. చూపు మాత్రం రాలేదు.

ఈ సంగతి చాలా ఏళ్లకు, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి మూలంగా బోధపడింది. "రెండు ఘాతం ఎక్స్, ఎక్స్ వర్గం ఎక్కడెక్కడ సమానమవుతాయి నాన్నా?" అని అడిగింది. 2 దగ్గర, 4 దగ్గర అని ఠక్కున చెప్పాను. "మరి మూడోది?" అంటూ రెండు వక్రాలూ గీసి చూపింది. సున్నాకు ఎడమవైపున, -0.77 దగ్గర, అవి మళ్లీ కలుసుకుంటున్నాయి! ఎక్స్ -1 అయినప్పుడు మొదటిది అర, రెండవది 1. ఎక్స్ 0 అయినప్పుడు మొదటిది 1, రెండవది 0. తెగకుండా సాగే గీత కిందనుండి పైకి రావాలంటే నడుమ ఎక్కడో రెండవదాన్ని దాటక తప్పదు గదా! ఇంతమాత్రం నా కారణాంకాలకు అందలేదు.

దువ్వూరి రామిరెడ్డి గారి 'పానశాల' చదువుకున్న మనకు ఉమర్ ఖయ్యాం కవి. కానీ 11వ శతాబ్దంలోనే ఆయన ఘన సమీకరణాలకు ఇదే దారి పట్టాడు. ఒక రకం సమీకరణానికి పరావలయాన్నీ వృత్తాన్నీ గీసి, అవి ఖండించుకున్న చోట జవాబును చూశాడు. ఘన సమీకరణాల సాధన సూత్రాలు కార్డానో గ్రంథంలో అచ్చయింది 1545లో. అంటే సూత్రం కన్నా నాలుగు శతాబ్దాలకు పైగా ముందు నడిచింది చిత్రం.

అట్లాగని చిత్రాన్ని గుడ్డిగా నమ్మమనడం లేదు. రెండు ఘాతం ఎక్స్‌నూ, ఎక్స్ పదవ ఘాతాన్నీ చిన్న కాగితం మీద గీస్తే, సున్నాకు అటొకటి ఇటొకటి రెండు ఖండన బిందువులే కనిపిస్తాయి. మూడవది 58కీ 59కీ మధ్యన, కాగితం అంచు దాటి ఎక్కడో ఉంటుంది. ఎక్కడ వెతకాలో గ్రాఫు చెబుతుంది, ఇక మిగలలేదని చెప్పవలసింది మాత్రం తర్కమే.

అందుచేత నా మనవి ఒక్కటే. కారణాంకాలకు లొంగని లెక్కనే గ్రాఫు ప్రశ్నగా ఇవ్వాలి. సుమారు జవాబు చాలు, కానీ అక్కడ కలుస్తాయని ఎట్లా తెలుసో, ఇంకెక్కడా ఎందుకు కలవవో రెండు వాక్యాల్లో వ్రాయమనాలి. అప్పుడు నాబోటివాడు జవాబు ముందు తెచ్చుకుని గీతను దాని దగ్గరకు వంచలేడు.

ఆనాడు నా గ్రాఫులో తప్పు లేదు. దానిని నేను అడిగినది మాత్రం ఏమీ లేదు.