నాన్న కెమెరాకి కొత్త చొక్కా

నాన్న పెంటాక్స్ కె1000 బీరువాలోంచి తీశా. 1976లో వచ్చిన మోడల్, బ్యాటరీ లేకపోయినా షట్టర్ కొడుతుంది. కానీ పైనున్న రెక్సిన్ అప్పడంలా పెళుసెక్కి, అంచులు లేచిపోయాయి. "పారేయరా, ఫోనుందిగా" అన్నారు.

మీరూ మారుస్తుంటే, ముందు ఆకారం ట్రేసింగ్ పేపర్‌పై గీసుకోండి. ఊడేటప్పుడు ముక్కలైతే కొలత దొరకదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ తడిపి అంచు కింద రాసి, కాసేపాగి ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా లేపండి. పాత జిగురు పూర్తిగా తుడవాలి, లేదంటే గడ్డలు తేలతాయి. నాకు తేలాయి, రెండోసారి చేశా! సూపర్ గ్లూ అస్సలు వద్దు, దాని ఆవిరికి అద్దాలపై తెల్లపొర పడుతుంది. పల్చటి డబుల్ టేప్ చాలు.

వెనక తలుపుది మాత్రం మార్చలేదు. అక్కడ నాన్న బొటనవేలికి అరిగిన గుర్తుంది. చేతికిస్తే, వేలు సరిగ్గా అక్కడే పెట్టి అడిగారు: "రీలు ఇప్పుడెక్కడ దొరుకుతోందిరా?"